"ఆగు" అంటే "లాగు" అని వినబడే చోట

విశాఖలో ఓడల అడుగుభాగాలు పరిశీలించే పనికి వచ్చిన కొత్త డైవర్లకు నీటి కింద మాట్లాడుకునే వైర్‌లెస్ సెట్ అప్పగించే ముందు ఒక పరీక్ష పెడతాను. గట్టు మీదే ముఖమంతా కప్పే ఫుల్‌ఫేస్ మాస్కు తొడిగించి, గాలి బుసకొడుతుండగా "ఆగు", "లాగు" అనమంటాను. వినేవాడికి రెండూ ఒకటే. చప్పుడులో అచ్చులు మిగులుతాయి, హల్లులు రాలిపోతాయి. ఒకసారి నేను ఆగమంటే పైనున్న మనిషి లాగాడు. తాడుకూ చుక్కాని అంచుకూ మధ్య నా చేతి తొడుగు చిరిగింది, వేళ్లు దక్కాయి. ఆనాటి నుంచి మా జట్టులో ఆపడానికి "వద్దు వద్దు వద్దు", లాగడానికి "తాడు తియ్యండి". మీ జట్టు మాటలను కూడా దిగకముందే ఇలా పలికించి, విని, ఎంచుకోండి.

సెట్‌ను వాకీటాకీ అనుకోకండి. ఉప్పునీరు రేడియో తరంగాలను మింగేస్తుంది. అందుకే ఇది మన గొంతును చెవికి అందని శబ్దంగా మార్చి పంపుతుంది. చాలా సెట్లలో అది 32,768 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. నీటిలో ఆ శబ్దం సెకనుకు సుమారు 1,500 మీటర్లు పోతుంది. కానీ దారిలో మీ శరీరమో, వీపు మీది సిలిండరో, ఓడ అడుగో ఉంటే అక్కడే చచ్చిపోతుంది. మాట అందకపోతే గొంతు పెంచకండి, అవతలి మనిషి ఉన్న వైపు ఒళ్లు తిప్పండి. ఓడలు ఆగే ధక్కా గోడల దగ్గర ప్రతి మాట వెనుకా ప్రతిధ్వని తగులుకుంటుంది. అక్కడ ఇంకా నెమ్మదిగా, నాలుగు మాటలకు మించకుండా చెప్పాలి.

పడవలో ఉన్నవారికి ఒక మాట. పైన వెచ్చని నీరు, కింద చల్లని నీరు కలిసే పొర దగ్గర శబ్దం వంగిపోతుంది. శబ్దాన్ని నీటిలోకి పంపి, అందుకునే ట్రాన్స్‌డ్యూసర్‌ను అలల కింద ఊరికే వేలాడదీయకుండా, ఆ పొర దాటేదాకా దించండి.

మౌత్‌పీస్ పళ్ల మధ్య పెట్టుకుని మాట్లాడలేం. పెదవులు కలవనిదే ప, బ, మ పలకవు. ముక్కూ నోరూ ఖాళీగా ఉండే మాస్కు కావాలి. మైకుకు పెదవులు తగలకూడదు.

ఇక మాట్లాడే పద్ధతి. ఒకరు మాట్లాడుతున్నప్పుడు మరొకరు వినాలి, రెండూ ఒకేసారి కుదరవు. ముందు పేరు పిలిచి ఆగండి. అవతలివారి బుడగల హోరు తగ్గాక "చెప్పండి" అంటారు, అప్పుడే విషయం చెప్పండి. బటన్ నొక్కి, ఒక క్షణం ఆగి, మొదలుపెట్టండి. లేకపోతే మొదటి అక్షరం తెగిపోతుంది. విన్నవారు అదే మాటను తిరిగి చెప్పాలి. "సరే" అంటే నేను ఒప్పుకోను, ఏది విని సరే అన్నారో నాకెలా తెలుస్తుంది? "ఇక్కడ", "అటు" కూడా పనికిరావు, ఇయర్‌ఫోనులో గొంతుకు దిక్కు ఉండదు. "చుక్కాని ఎడమ పక్క" అనండి.

వినడం కోసం ఊపిరి బిగబట్టకండి. ముఖ్యంగా పైకి వస్తున్నప్పుడు అది ఊపిరితిత్తులను చీల్చగలదు. ఎక్కువసేపు మాట్లాడితే ఆయాసం వస్తుంది. అలా అనిపిస్తే పని ఆపి, మాట ఆపి, నిదానంగా ఊపిరి తీసుకోండి.

సెట్ ఉంది కదా అని తాడు లాగి చేసే సైగలు మానకండి. రెండుసార్లు పిలిచినా జవాబు రాకపోతే మూడోసారి పిలవకుండా తాడు లాగి చూడండి. దానికీ బదులు లేకపోతే సిద్ధంగా కూర్చోబెట్టిన రెండో డైవర్‌ను వెంటనే దించండి.