గుర్రం వీపు ఎన్నాళ్ళకోసారి చూపించాలి?

మా లాయంలో గుర్రాలు పెట్టుకున్నవాళ్ళు చాలామంది మన తెలుగువాళ్ళే. వారమంతా బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లోనో మాన్యత టెక్ పార్కులోనో ఉద్యోగం, శని ఆదివారాల్లో దేవనహళ్ళి దారి పట్టి ఇక్కడికి వస్తారు. లాడాల తేదీ వాళ్ళకి తెలుసు, టీకాల తేదీ తెలుసు. వీపు సంగతి మాత్రం గుర్రం ఎక్కనివ్వకుండా మొరాయించిన రోజే గుర్తొస్తుంది. అప్పుడైనా మొదట వచ్చే మాట "దీనికి పొగరెక్కువైందన్నా" అనే. రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ళ మీద నడుస్తుందని పెద్దలు సామెత పెట్టిపోయారు కదా, దాన్ని పట్టుకుని కర్ర తీస్తారు. మాది హిందూపురం, ఆ సామెత వింటూనే పెరిగాను. కానీ ఇన్నేళ్ళు గుర్రాల మధ్య బతికాక నా లెక్క వేరు. మూడు కాళ్ళ మీద నడిచే గుర్రం కనబడితే ముందు ఆ నాలుగో కాలు చూడండి, తర్వాత వీపు చూడండి, రౌతు సంగతి ఆ తర్వాత మాట్లాడుకుందాం.

వారానికి నాలుగైదు రోజులు మామూలు సవారీ చేసే ఆరోగ్యమైన గుర్రానికి ఆరు నెలలకోసారి వెటర్నరీ డాక్టరు చేత వీపు పరీక్ష చేయిస్తే చాలు. మేం దానికి ఉగాది, దసరా అని పెట్టుకున్నాం. రెంటికీ మధ్య ఇంచుమించు ఆరు నెలలు, మర్చిపోయే ప్రసక్తి లేదు. దసరాకి ఇంకో లాభం కూడా ఉంది. ఆయుధపూజకి జీన్లన్నీ ఎలాగూ బయటికి తీసి తుడిచి బొట్లు పెడతాం. ఆ చేత్తోనే వాటిని తిరగేసి, గుర్రం వీపుకి ఆనే మెత్తలు తడిమి చూస్తే కొన్ని బాధలకి కారణం అక్కడే దొరుకుతుంది.

దూకించే గుర్రాలకీ, డ్రెస్సాజ్ (రౌతు సైగలకి తగ్గట్టు అడుగులేయించడం), టెంట్ పెగ్గింగ్ (పరుగు మీద నేలలో పాతిన మేకుని బల్లెంతో పొడవడం) పోటీలకి తిప్పే గుర్రాలకీ ఆరు నెలలు ఎక్కువ. మూడు నాలుగు నెలలకోసారి చూపించాలి. పోటీ ఉంటే ఓ నెల ముందే చూపించండి. ముందురోజు చూపిస్తే ఏం బయటపడినా చేసేదేమీ ఉండదు, టెన్షన్ తప్ప. పదిహేనేళ్ళు దాటిన గుర్రం రోజూ అరగంట నడిచేదే అయినా ఆరు నెలలు దాటనివ్వొద్దు. ఎవరూ ఎక్కకుండా మేస్తూ తిరిగేదానికి ఏడాదికోసారి, టెటనస్ టీకాకి డాక్టరు వచ్చినప్పుడే చూడమంటే సరి.

రేసులు మానేసి వచ్చిన గుర్రాల లెక్క పూర్తిగా వేరు. బెంగళూరులో సవారీ గుర్రాలంటే చాలావరకు ఆ థరోబ్రెడ్లే, అంటే రేసుల జాతి గుర్రాలే. సీజన్ అయిపోయాక తక్కువ ధరకి దొరుకుతాయి, మనవాళ్ళు మోజుపడి కొనేస్తారు. అది రెండేళ్ళ వయసుకే పరుగు పందెంలోకి దిగి ఉంటుంది. వెన్నుపూసల ఎదుగుదల పూర్తయ్యేది ఐదేళ్ళు దాటాక. పైగా రేసు జీను చాలా తేలిక, జాకీ రికాబుల మీద లేచి ఉంటాడు. మన సవారీలో మనిషి బరువంతా తెచ్చి వీపు మీద దించుతాం. ఆ గుర్రానికి ఇది కొత్త పని. ఏడాది తిరిగేలోపు దాని కండ ఒకచోట తగ్గి ఇంకోచోట పెరుగుతుంది, వీపు ఆకారమే మారిపోతుంది. మొదటి నెలలో అతికినట్టు సరిపోయిన జీను ఆరో నెలకి బిగుతైపోతుంది. అందుకని కొనేముందు ఒకసారి, తర్వాత మొదటి ఏడాదంతా మూడు నెలలకోసారి చూపించాలి. కొత్తగా సవారీకి అలవాటు చేస్తున్న పిల్ల గుర్రానికీ ఇదే లెక్క.

ఈ థరోబ్రెడ్ల విషయంలో 'కిస్సింగ్ స్పైన్స్' అనే పేరు తరచూ వినబడుతుంది. వెన్నుపూసల మీద పైకి లేచిన ఎముక కొసలు ఒకదానికొకటి మరీ దగ్గరై రాసుకోవడం అన్నమాట. గుర్రానికి పక్కటెముకలు తగిలి ఉండే పూసలు 18. వాటిలో వెనకవైపువి, సరిగ్గా జీను కిందకి వచ్చేవి, ఎక్కువగా ఇలా అవుతాయి. ఎక్స్‌రేలో అది కనబడగానే కొంపలు మునిగినట్టు కంగారు పడకండి. ఎక్స్‌రేలో దగ్గరగా కనిపించినా ఏ నొప్పీ లేకుండా హాయిగా పనిచేసే గుర్రాలు బోలెడు. ఫిల్మునీ, చెయ్యి పెట్టినప్పుడు గుర్రం చెప్పేదాన్నీ కలిపి చూసే డాక్టరు మాటే వినండి.

తేదీతో పని లేకుండా వెంటనే చూపించాల్సిన సందర్భాలు కొన్నున్నాయి. గుర్రం పడినప్పుడు, వ్యాన్‌లో కాలు జారినప్పుడు, రాత్రి గోడకి ఆనుకుని పడుకుని లేవలేక పెనుగులాడినప్పుడు, జీను మార్చినప్పుడు, ఒళ్ళు బాగా తగ్గినా పెరిగినా. అన్నిటికన్నా ముఖ్యం, నడవడికలో మార్పు. నిన్నటిదాకా బుద్ధిగా నిలబడింది ఇవాళ జీను చూడగానే చెవులు వెనక్కి పెట్టిందంటే, క్యాంటర్‌లో (నెమ్మది దౌడులో) ఒకవైపు కాలే ముందుకి వేస్తోందంటే, లాడాలు కొట్టేటప్పుడు వెనక కాలు ఎత్తి ఉంచనివ్వట్లేదంటే దసరా దాకా ఆగకండి.

డాక్టరు ఆరు నెలలకోసారి వస్తాడు. మీ చెయ్యి మాత్రం వారానికోసారైనా వీపు మీద పడాలి. ఆదివారం పొద్దున సవారీకి ముందు పది నిమిషాలు చాలు. సైస్‌ని, అంటే గుర్రాన్ని చూసుకునే మనిషిని, తల దగ్గర పట్టుకోమనండి, బిగించి కట్టేయొద్దు. నేల చదునుగా ఉండాలి, నాలుగు కాళ్ళ మీదా బరువు సమంగా ఉండాలి. ఒక కాలు సడలించి నిలబడితే కండ ఒకవైపు ఎత్తుగా కనబడి మోసపోతారు. మీరు పక్కన, భుజం దగ్గర నిలబడండి, సరిగ్గా వెనక నిలబడొద్దు. జూలు అయిపోయేచోట ఎత్తుగా ఉండే మూపు దగ్గర అరచెయ్యి పెట్టి, వెన్నెముకకి రెండంగుళాల పక్కగా, పిర్రల దాకా మెల్లగా నిమురుతూ రండి. మొదటిసారి ఏమీ నొక్కొద్దు. వేడి, వాపు, పొలుసు, వెంట్రుక ఊడినచోటు, ఇవి మాత్రమే చూడండి. రెండోసారి వేళ్ళ మెత్తటి భాగంతో కొద్దిగా నొక్కుతూ రండి. గోళ్ళతోనో వేలికొసతోనో పొడిస్తే మంచి గుర్రమైనా ఉలిక్కిపడుతుంది.

చేతికి తెలియాల్సింది ఏమిటంటే, బాగున్న కండ నొక్కితే లోపలికి పోయి మళ్ళీ వస్తుంది. నొప్పి ఉన్న కండ చెయ్యి తగలగానే బిగుసుకుని చెక్కలా అవుతుంది. లేదా గుర్రం వీపు కిందకి వంచి చేతిని తప్పించుకుంటుంది. ఈగ వాలినట్టు చర్మం ఒక్కసారి వణికితే అదేం కాదు. అదే చోట కాసేపాగి మళ్ళీ నొక్కండి. మూడుసార్లూ అక్కడే తప్పించుకుంటే, తోక విసిరితే, కళ్ళు పెద్దవి చేస్తే అది నొప్పి. చేతినే కాదు, గుర్రం మొహాన్ని కూడా చూస్తుండాలి. ఆ పని సైస్‌కి అప్పగించండి, వాడికి మీకన్నా బాగా తెలుసు. తర్వాత రెండో పక్కకి వెళ్ళి ఇదంతా మళ్ళీ చేయండి. రెండు పక్కలకీ తేడా ఉందా అన్నదే అసలు ప్రశ్న.

మా దగ్గర నెల్లూరు వాళ్ళ ఆడగుర్రం ఒకటుంది. గర్త్ (జీనుని పట్టి ఉంచే పొట్ట కింది పట్టీ) బిగించబోతే చాలు, తల తిప్పి కరవబోయేది. "దీనికి నేనంటే పడదన్నా, సైస్‌ని ఏమీ అనదు" అనేది ఆ అమ్మాయి. నిజమే, సైస్‌ని ఏమీ అనేది కాదు, ఎందుకంటే వాడు దాని మీద జీను వేసేవాడు కాదు. ఎడమవైపు, మూపుకి బెత్తెడు వెనక చెయ్యి పెడితే రూపాయి బిళ్ళంత మేర వేడిగా ఉంది. నొక్కగానే చెవులు పడుకోబెట్టి కుడివైపుకి జరిగిపోయింది. కుడివైపు అదే చోట నొక్కితే మేత నములుతూ నిలబడింది. జీను తిరగేసి చూస్తే, ఎడమ మెత్తలో ఉన్ని ఉసిరికాయంత గడ్డకట్టి ఉంది. మనలో చాలామంది వాడేది కాన్పూర్ జీన్లే. మంచివే, కానీ లోపలి ఉన్ని చెమటకి గడ్డలు కడుతుంది, దాన్ని విప్పి మళ్ళీ నింపించాలి. దానికి తోడు ఆ అమ్మాయి రోజూ నేల మీది నుంచే రికాబు పట్టుకుని ఎక్కేది. అలా ఎక్కిన ప్రతిసారీ జీను ఎడమకి లాగుతుంది, వెన్ను మెలితిరుగుతుంది. ఉన్ని మార్పించి, ఎక్కడానికి చెక్క మెట్టు పెట్టాం. డాక్టరు కడుపులో పుండ్లు కూడా ఉన్నాయేమో చూడాలన్నారు. గర్త్ దగ్గర కరవడానికి అదీ ఒక కారణమే, రేసుల నుంచి వచ్చిన గుర్రాల్లో బాగా కనబడుతుంది. ఈ గుర్రానికి అది లేదని తేలింది.

బిగుతు జీను కింద ఇంకో గుడ్డ, ఇంకో స్పాంజి మెత్త వేసే అలవాటు చాలామందికి ఉంది. చెప్పు బిగుతైతే రెండో సాక్స్ ఎవరైనా వేసుకుంటారా? జీను వెనక అంచు చివరి పక్కటెముక దాటి నడుము మీదకి పోకూడదు, మూపు మీద వేళ్ళు దూరేంత ఖాళీ ఉండాలి. వీపు మీద తెల్ల వెంట్రుకల మచ్చలు కనబడితే ఎప్పుడో అక్కడ జీను బాగా ఒత్తిందన్నమాట. బరువు సంగతి కూడా మొహమాటం లేకుండా చెప్పుకోవాలి. మనిషి, జీను కలిపి గుర్రం బరువులో ఐదో వంతు దాటకూడదు, ఇంకా తక్కువైతే మంచిది. 450 కిలోల థరోబ్రెడ్‌కి 90 కిలోలు, 350 కిలోల మార్వారీ జాతి గుర్రానికి 70 కిలోలు. ఇందులో జీనుదే ఏడెనిమిది కిలోలు పోతుంది. ఈ లెక్క చెప్పినప్పుడు చాలామంది మాట మార్చేస్తారు.

వానాకాలంలో ఇంకొకటి. జూన్ నుంచి అక్టోబరు దాకా బయట తడిసిన గుర్రం వీపు మీద చిన్న చిన్న పొక్కులు లేచి, పీకితే వెంట్రుకల కుచ్చుతో సహా ఊడొస్తాయి. అది చర్మపు ఇన్ఫెక్షన్, వెన్నుపూసది కాదు. కానీ నొప్పి నొప్పే, అది తగ్గేదాకా జీను వెయ్యొద్దు. డాక్టరు చెప్పిన మందుతో కడిగి, వీపు పొడిగా ఉంచాలి.

అసలు ఆలస్యం చేయకూడనిది వేరే ఉంది. ఒకటి రెండు రోజులు పూర్తి దాణా తింటూ ఊరికే నిలబడిన గుర్రం, పనిలోకి దిగిన కాసేపటికే చెమటలు కక్కుతూ ఆగిపోతుంది. నడుమూ పిర్రలూ రాయిలా బిగుసుకుంటాయి. మూత్రం కాఫీ రంగులో వస్తుంది. దీన్ని టైయింగ్ అప్ అంటారు. కండరం చెడి ఆ సరుకంతా రక్తంలో కలుస్తుంది, మూత్రపిండాలు దెబ్బతింటాయి. నడిపించి సర్దుదామని చూడకండి. ఉన్నచోటే నిలబెట్టి, నీళ్ళు పెట్టి, డాక్టరుకి ఫోన్ చేయండి. పని లేని రోజు ఉలవలూ గింజలూ తగ్గించి గడ్డి ఎక్కువ పెట్టడం దీనికి ముందు జాగ్రత్త.

డాక్టరు వచ్చే రోజు గుర్రానికి ముందే నొప్పి మందు ఇవ్వొద్దు. ఇచ్చి ఉంటే ఏది, ఎప్పుడు ఇచ్చారో దాచకుండా చెప్పండి. వీపు ఒక్కటే తడిమి వెళ్ళిపోతే అది పరీక్ష కాదు. గట్టి నేల మీద తిన్నగా నడిపించి, ట్రాట్ (నడకకీ దౌడుకీ మధ్య పరుగు) చేయించి, కాళ్ళు వంచి పట్టి వదిలి, రెండు వైపులా గుండ్రంగా తిప్పించి, అవసరమైతే మనిషిని ఎక్కించి కూడా చూడాలి. వీపు నొప్పి అనుకున్నది చాలాసార్లు వెనక కాలి కీలు నొప్పి అయి తేలుతుంది. కాలు నొప్పిని తప్పించుకోబోయి వీపుని బిగబడుతుంది గుర్రం. ఒలింపిక్స్ ఈవెంటింగ్‌లో (డ్రెస్సాజ్, క్రాస్‌కంట్రీ, అడ్డంకులు దూకడం మూడూ కలిసిన పోటీలో) సైతం గుర్రాన్ని చేత్తో పట్టుకుని ట్రాట్ చేయించి చూశాకే పోటీలోకి వదులుతారు. మన బెంగళూరు రౌతు ఫవాద్ మీర్జా టోక్యో ఒలింపిక్స్‌కి తీసుకెళ్ళిన గుర్రం సెన్యోర్ కూడా అలాగే జడ్జీల ముందు పరుగెత్తాకే బరిలోకి దిగింది.

ఇక 'పూస జారింది, ఒక్క తోపుతో సర్దేస్తా' అని వచ్చేవాళ్ళున్నారు. గుర్రం వెన్నుపూస చేత్తో తోస్తే జారదు, చేత్తో తోస్తే సర్దుకోదు. మసాజ్, ఫిజియో మంచివే, కానీ డాక్టరు చూసి కారణం తేల్చాకే. దగ్గర్లో గుర్రాల డాక్టరు దొరక్కపోతే హెబ్బాళ వెటర్నరీ కాలేజీ ఉంది. చెన్నైలో ఉన్నవాళ్ళకి వేపేరిలో మద్రాస్ వెటర్నరీ కాలేజీ ఉంది.

నొప్పి తేలి చికిత్స మొదలైతే తర్వాతి పరీక్ష ఆరు నెలలకి కాదు, నాలుగు నుంచి ఆరు వారాల్లో, డాక్టరు చెప్పిన తేదీకి. ఈలోగా జీను లేకుండా చేత్తో నడిపించడం, నేల మీద కర్రలు పరిచి వాటి మీదుగా నెమ్మదిగా దాటించడం, క్యారెట్ చూపించి మెడని రెండు పక్కలకీ తిప్పించడం ఆయన ఒప్పుకుంటే చేయండి. నెలకోసారి ఒకే చోట, ఒకే దూరం నుంచి పక్కన నిలబెట్టి ఫోటో తీసి పెట్టుకోండి. మూపు వెనక గుంటలు నిండుతున్నాయో లేదో రోజూ చూసే కంటికి తెలియదు, ఫోటోలో తెలుస్తుంది. ఆ ఫోటోలు డాక్టరుకి వాట్సాప్‌లో పంపితే, రావాలో అక్కర్లేదో ఆయనే చెబుతారు.