పాత్‌లో ఉన్నదాన్ని చెరపకండి: ఇంటి కంప్యూటర్‌లో జావా, పైథాన్ పెట్టుకొనేవారికి జాగ్రత్తలు

గత వారం పర్లాకిమిడిలో మా వీధి కుర్రాడొకడు కొత్త సెమిస్టర్‌కు జావా కావాలని ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ (ప్రోగ్రాంలు వాడుకొనే విలువలు ఉండే విండోస్ సెట్టింగ్స్ తెర) తెరిచి, సిస్టమ్ పాత్‌లో అప్పటికే ఉన్నదంతా చెరిపేసి, జావా ఫోల్డర్ చిరునామా ఒక్కటే ఉంచాడు. దానితో కోడ్ మార్పులను భద్రపరిచే గిట్ మాత్రమే కాదు, పింగ్ వంటి విండోస్ సొంత కమాండ్లు కూడా పనిచేయడం మానేశాయి. మరమ్మతు దుకాణంలో దాన్ని వైరస్ అనుకొని డిస్క్ మొత్తం ఫార్మాట్ చేయడంతో వాళ్ల అక్క బీఎడ్ రికార్డులు, ఇంటివారి ఫొటోలు పోయాయి. బరంపురం, రాయగడ వైపు పిల్లల నుంచి కూడా కాలేజీలు తెరిచే రోజుల్లో ఇదే గోడు వింటున్నాను.

ఇన్‌స్టాల్ చేయడం అందరికీ తెలిసిందే కనుక దాని జోలికి పోవడం లేదు. మనం టైపు చేసిన కమాండ్ తాలూకు ప్రోగ్రాం ఎక్కడుందో వెతకడానికి విండోస్ చూసే ఫోల్డర్ల జాబితాయే పాత్. అందులోంచి విండోస్ సొంత కమాండ్లు ఉండే సిస్టమ్32 ఫోల్డర్ చిరునామా చెరిగిపోయినంత మాత్రాన ఏ ఫైలూ పోదు; దానికి దారి మాత్రమే తెలియకుండా పోతుంది. అందుచేత ఈ తప్పుకు ఫార్మాట్ మందు కానే కాదు.

పాత్‌కు చేర్చాలి, పాత్‌ను మార్చకూడదు. విండోస్ 10, 11లలో పాత్‌ను ఎంచుకొని ఎడిట్ నొక్కితే చిరునామాలు ఒక్కొక్కటి ఒక్కో వరుసలో కనిపిస్తాయి. అక్కడ న్యూ నొక్కి కొత్తది చేర్చి, తక్కినవాటిని ముట్టకుండా ఓకే అనాలి. విండోస్ 7 ఉన్న ఇళ్లలో ప్రమాదం ఎక్కువ. అక్కడ పాత్ అంతా ఒకే పొడవాటి గడిలో ఉంటుంది, పైగా గడి తెరుచుకొనేసరికే మొత్తం నీలంగా సెలెక్ట్ అయి ఉంటుంది, ఒక్క అక్షరం కొట్టినా అంతా పోతుంది. ముందు ఎండ్ మీట నొక్కి, చివర సెమికోలన్ పెట్టి, ఆ తరువాతే కొత్త చిరునామా రాయాలి.

వీడియోలలో చూపే సెటెక్స్ (setx) కమాండ్‌తో పాత్ మార్చకండి. అది 1024 అక్షరాలు దాటినదాన్ని కత్తిరించి, ఒక హెచ్చరిక వాక్యం చూపించి, మిగిలినదాన్నే భద్రపరుస్తుంది. ఆ వాక్యాన్ని చదివేవారు తక్కువ.

ఒకవేళ చెరిగిపోతే, మార్పుకు ముందే తెరిచి ఉన్న కమాండ్ ప్రాంప్ట్‌ను మూయకండి, కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేయకండి. ఆ పాత కిటికీలో పాత విలువ ఇంకా బతికే ఉంటుంది. పాత్ అని టైపు చేస్తే మొత్తం కనిపిస్తుంది, దాన్ని కాపీ చేసుకోవచ్చు. అదీ లేకపోతే, విండోస్ సెట్టింగ్స్‌ను వెనకటి స్థితికి తెచ్చే సిస్టమ్ రిస్టోర్ ప్రయత్నించండి.

మిగిలినవి:

- ముట్టుకొనే ముందు పాత్‌లో ఉన్నదంతా నోట్‌ప్యాడ్‌లోకి కాపీ చేసి భద్రపరచండి. ఇది చేయకుండా ఎడిట్ నొక్కవద్దు.
- ఇంటి పనికి పైనున్న యూజర్ వేరియబుల్స్ చాలు. కింది సిస్టమ్ పెట్టె జోలికి పోకండి.
- జావా హోమ్ (JAVA_HOME) అనే వేరియబుల్‌లో జేడీకే (జావా ప్రోగ్రాంలు రాసే సామగ్రి) ఫోల్డర్ వరకే ఇవ్వాలి, దాని లోపలి బిన్ ఫోల్డర్ పేరు రాయకూడదు. బిన్ చేరేది పాత్‌లో.
- కొత్త కంప్యూటర్‌లో యూజర్ పేరును తెలుగు, ఒడియా లిపులలో పెట్టకండి. ఆ పేరే ఫోల్డర్ పేరైతే యాప్‌లు తయారుచేసే ఆండ్రాయిడ్ స్టూడియో వంటివి పేచీ పెడతాయి.
- పైథాన్ అని కొడితే మైక్రోసాఫ్ట్ స్టోర్ తెరుచుకుంటోందా? సెట్టింగ్స్‌లో యాప్ ఎగ్జిక్యూషన్ ఏలియాస్‌ల దగ్గర పైథాన్‌ను ఆపండి. దానికోసం పాత్ చెరపకండి.
- లైనక్స్‌లోనూ ఇదే సూత్రం: బ్యాష్ఆర్‌సీ (.bashrc) అనే సెట్టింగ్స్ ఫైలులో పాత పాత్‌ను కలపకుండా కొత్తది రాస్తే ఫైళ్ల జాబితా చూపే ఎల్‌ఎస్ (ls) కమాండ్ కూడా పలకదు.
- పాస్‌వర్డులు, ఏపీఐ తాళాలు (ఆన్‌లైన్ సేవలను వాడుకొనే రహస్య సంకేతాలు) ఉన్న వేరియబుల్స్ తెరను ఫొటో తీసి క్లాసు గ్రూపులో పెట్టకండి.
- మార్పు తరువాత కొత్త కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, మొదట పింగ్, ఆ తరువాతే జావా చూడండి. పింగ్ పలకకపోతే అక్కడే ఆగండి, నోట్‌ప్యాడ్‌లోని పాత విలువను తిరిగి పెట్టండి.