మూసిన రోడ్డు మీద ర్యాలీ: పేస్ నోట్స్ రాసుకునే పద్ధతి

మామూలు రోజుల్లో బస్సులు, ట్రాక్టర్లు తిరిగే రోడ్డునే కొన్ని గంటలు మూసేసి స్టేజ్‌గా, అంటే కార్లు ఒక్కొక్కటిగా గడియారంతో పోటీపడే దారిగా, నడుపుతారు. ఆ రోడ్డు ఎవరికీ రహస్యం కాదు, ముందే వెళ్లి చూసి మలుపు మలుపూ రాసుకోవచ్చు. పోటీలో పక్క సీట్లోని కో డ్రైవర్ డ్రైవర్‌కు చదివి వినిపించే ఆ రాతలే పేస్ నోట్స్. అడవి దారుల ర్యాలీల సంగతి వేరుగా ఉండేది. బ్రిటన్‌లోని ఆర్‌ఏసీ ర్యాలీ స్టేజ్‌లను చాలా ఏళ్లు గుట్టుగా ఉంచింది, 1990లో గానీ నోట్స్‌ను అనుమతించలేదు. రోడ్డు మూయాలంటే చట్టం కావాలి. 1904లో బ్రిటన్‌లో గంటకు 20 మైళ్ల పరిమితి ఉండటంతో గోర్డన్ బెన్నెట్ కప్ అనే కార్ల రేసుకు ఎంపిక పోటీ సొంత పార్లమెంటున్న ఐల్ ఆఫ్ మాన్ దీవికి వెళ్లింది. అక్కడి పార్లమెంటు చట్టం చేసి మరీ రోడ్లు ఇచ్చింది. ఇంగ్లండ్‌లో అలాంటి వెసులుబాటు 2017లో వచ్చింది, తొలి ర్యాలీ 2018లో క్లాక్టన్ దగ్గర జరిగింది.

నోట్స్ ఎంత పని చేస్తాయో చూపించింది ఇటలీలో మామూలు రోడ్ల మీద జరిగిన 1955 మిల్లె మిగ్లియా రేసు. బ్రెషా నుంచి రోమ్ వెళ్లి తిరిగి రావాలి, దాదాపు 1,600 కిలోమీటర్లు. పక్క సీట్లో కూర్చున్న డెనిస్ జెంకిన్సన్ రోడ్డంతటినీ దాదాపు 18 అడుగుల కాగితపు చుట్ట మీదికి ఎక్కించి, కిటికీ ఉన్న అల్యూమినియం పెట్టెలో తిప్పుకుంటూ చేతి సైగలతో చెప్పాడు. డ్రైవర్ స్టిర్లింగ్ మాస్ 10 గంటల 7 నిమిషాల 48 సెకన్లలో గెలిచాడు. ఇప్పుడు చుట్ట బదులు పుస్తకం, సైగల బదులు ఇంటర్‌కమ్ వచ్చాయి. చేసే పని మాత్రం అదే.

రెక్కీలో, అంటే పోటీకి ముందు దారి చూసి రాసుకునేటప్పుడు, సాధారణంగా ఒక్కో స్టేజ్‌ మీద రెండు సార్లే తిరగనిస్తారు. అప్పటికి రోడ్డు మూసి ఉండదు, మామూలు ట్రాఫిక్ నియమాలన్నీ వర్తిస్తాయి. మొదటిసారి డ్రైవర్ చెబుతాడు, కో డ్రైవర్ రాస్తాడు. రెండోసారి కో డ్రైవర్ చదువుతాడు, డ్రైవర్ దిద్దుతాడు. ఈ వరస తప్పించొద్దు. రెండోసారి కూడా డ్రైవరే చెప్పుకుంటూ పోతే, రాసింది చదివినప్పుడు చెవికి ఎలా వినిపిస్తుందో పోటీ రోజు దాకా తెలియదు.

కావలసినవి కొన్నే. పూర్తిగా వెనక్కి మడిచే స్పైరల్ పుస్తకం, 2బి పెన్సిల్ (తడిస్తే ఇంకు పాకుతుంది), మంచి రబ్బరు, దూరం కొలిచే ట్రిప్‌మీటర్, రెండో రౌండుకు వీడియో కెమెరా. ట్రిప్‌మీటర్‌ను ముందే సరిచేసుకోండి. నిర్వాహకులిచ్చే దారి పుస్తకం, అంటే రోడ్‌బుక్‌లో 5.00 కిలోమీటర్లున్న చోట మీది 5.10 చూపిస్తే, 20 కిలోమీటర్ల స్టేజ్ చివరికి 400 మీటర్ల తేడా వస్తుంది. ప్రతి ముఖ్యమైన జంక్షన్ దగ్గర ట్రిప్‌మీటర్ చూపే దూరాన్ని రోడ్‌బుక్‌తో పోల్చండి.

మలుపులకు 1 నుంచి 6 దాకా అంకెలు వేయడం ఎక్కువమంది పద్ధతి. 6 అంటే దాదాపు పూర్తి వేగంతో పోయేది, 1 అంటే హెయిర్‌పిన్ (దాదాపు వెనక్కి తిరిగే మలుపు) కన్నా కాస్త నయం. హెయిర్‌పిన్‌కు, చదరపు మూలకు విడి పేర్లు ఉంచండి. కొందరు తలకిందులుగా 1ని వేగానికి వాడతారు, ఏదైనా ఫర్వాలేదు గానీ మధ్యలో మార్చొద్దు. అంకె వేసేది వేగాన్ని బట్టి కాదు, మలుపు ఆకారాన్ని బట్టి. తడి రోడ్డు మీద వేగం మారుతుంది, ఆకారం మారదు. స్టీరింగ్ పైభాగాన టేపు ముక్క అంటించి, అది ఎంత తిరిగితే ఏ అంకో నిర్ణయించుకుంటే పొద్దున వేసిన 4, సాయంత్రం వేసిన 4 ఒకటే అవుతాయి. రెక్కీ కారు, ర్యాలీ కారు స్టీరింగ్ నిష్పత్తులు (ఎంత తిప్పితే చక్రాలు ఎంత తిరుగుతాయన్నది) వేరైతే ఈ లెక్క మళ్లీ చూసుకోవాలి.

ఎక్కువమంది దెబ్బతినేది ఒక చోట ఉంది. రెక్కీలో మీరు మీ లేన్‌లోనే పోతారు, పోటీలో రోడ్డు వెడల్పంతా మీదే. ఎడమవైపు నడిపే దేశాల్లో ఎడమ మలుపును లోపలి అంచు నుంచి చూస్తారు కాబట్టి ఉన్నదానికన్నా బిగువుగా కనిపిస్తుంది. కుడి మలుపు బయటి అంచు నుంచి తెరుచుకుని కనిపిస్తుంది. అందుకే కుడి మలుపుకు పెద్ద అంకె వేసేముందు ఇంకోసారి ఆలోచించండి. మిట్ట దాటాక దారి ఎటు పోతుందో కరెంటు స్తంభాల వరసను, చెట్లను చూసి ఊహించొద్దు. రోడ్డు తిరిగినా స్తంభాలు నేరుగా పొలంలోకి పోతాయి.

ఒక వరస ఇలా ఉంటుంది: «80 ఎడమ 5 మిట్ట మీద, వెంటనే కుడి 3 లాంగ్ టైట్, కట్ వద్దు, 50». అంటే 80 మీటర్ల తర్వాత మిట్ట మీద తేలిక ఎడమ, దాని వెన్నంటే ఎక్కువసేపు తిరిగి చివర్లో బిగిసే కుడి, లోపలి గడ్డిలో రాయో కల్వర్టు గోడో ఉంది కాబట్టి అటు కోసుకుని పోవద్దు, ఆపైన 50 మీటర్లు. «కట్ వద్దు»ను పొదుపుగా వాడండి. ప్రతి మలుపుకూ తగిలిస్తే డ్రైవర్ దాన్ని వినడం మానేస్తాడు.

తెలుగులో చదివేవాళ్లు మాటలను చెవితో ఏరుకోవాలి. హెల్మెట్‌లో, ఇంజిన్ మోతలో «ఆరు», «నూరు» ఒకటిగా వినిపిస్తాయి. దూరానికి «వంద» అనండి. «మూడు», «ముప్పై»కీ అదే చిక్కు. 30 మీటర్లలోపు దూరాన్ని అంకెతో కాక «వెంటనే» అని చెబితే ఆ గొడవ సగం తగ్గుతుంది. ప్రతి నోటులోనూ దిక్కు ముందు, అంకె తర్వాత, హెచ్చరిక చివర. ఈ క్రమం ఒక్కసారి తప్పినా డ్రైవర్ అర సెకను తడబడతాడు.

గంటకు 100 కిలోమీటర్ల వేగంలో సెకనుకు 28 మీటర్లు పోతాయి. రెండు సెకన్లు పట్టే వాక్యం చదివేలోపు 56 మీటర్లు అయిపోయినట్టే. కాబట్టి కో డ్రైవర్ చదివేది కనీసం ఒక మలుపు ముందుండాలి, వేగమైన చోట రెండు. మరీ ముందు చదివితే డ్రైవర్ మరిచిపోతాడు. ఎంత ముందన్నది ఇద్దరూ కలిసి నడిపి తేల్చుకోవాల్సిన విషయం.

ఆ రాత్రే వీడియో చూస్తూ శుభ్రంగా తిరగరాయండి. పేజీకి ఆరేడు వరసలు మించొద్దు. «వెంటనే»తో కలిసిన మలుపులను రెండు పేజీల మధ్య విడగొట్టొద్దు. పేజీ తిప్పడం ఎప్పుడూ తిన్నని రోడ్డు మీద పడాలి. ప్రతి పేజీలో ఒక గట్టి గుర్తు రాయండి: వంతెన, గుడి, జంక్షన్. నోట్స్‌లో దారి తప్పితే ఊహించి చదవకుండా «తప్పాను» అని వెంటనే చెప్పి, వచ్చే గుర్తు దగ్గర అందుకోవాలి. డ్రైవర్ అప్పటిదాకా కంటికి కనిపించినంత మేరే నడుపుతాడు.

మంచు పడే చోట్ల, మోంటే కార్లో లాంటి ర్యాలీల్లో, స్టేజ్ మొదలయ్యేముందు ఇంకో జంట ఆ దారిన వెళ్లి ఐస్ ఎక్కడుందో గుర్తించి పంపుతుంది. మోంటే కార్లో ర్యాలీ దారిలోని 1,607 మీటర్ల ఎత్తున్న తురిని కనుమలో ఒక పక్క పొడిగా, మరో పక్క గడ్డకట్టి ఉండొచ్చు. ఆ గుర్తులను రంగు పెన్సిల్‌తో పాత నోట్స్ పైనే వేసుకుంటారు.

పోటీలో అదే స్టేజ్ రెండోసారి వచ్చేటప్పటికి ముందు కార్లు మలుపులను లోపలికి కోసి మట్టి, కంకర తారు మీదికి లాగి ఉంటాయి. మొదటి రౌండు ముగిసి ఆపే చోటు దాటగానే, గుర్తున్నప్పుడే, ఏ మలుపు బయటికి మట్టి పడిందో అంచున రాసేయండి. కారు బాగుచేసే సర్వీస్‌కు చేరేదాకా ఆగితే సగం మరిచిపోతారు.