పురుగుమందుల పెట్టెకు పిల్లలు తీయలేని తాళం బిగించడం ఎలా?

ఆదోని చుట్టుపక్కల పత్తి, మిరప వేసే ఇళ్లలో మందు డబ్బాలు ఎక్కడుంటాయో లోపలికి పోకుండానే చెప్పొచ్చు. మంచం కింద, అటక మీద, లేదంటే వంటింటి గూట్లో నూనె సీసా పక్కన. కాస్త జాగ్రత్తపరులు రేకు ట్రంకు పెట్టెలో పెట్టి తాళం వేస్తారు. ఆ తాళం చూస్తేనే నాకు ఒళ్ళు మండుతుంది. పెట్టెతో పాటు వచ్చిన గొళ్ళెం రెండు సన్న రివెట్ల మీద వేలాడుతుంటుంది, దానికి బరువైన కొత్త తాళం. మూత మూల పట్టుకుని లాగితే తాళం వేసింది వేసినట్టే ఉంటుంది, చెయ్యి మాత్రం లోపలికి పోతుంది. మా వెల్డింగ్ షాపుకు వచ్చే పెట్టెలు చాలావరకు ఇలాంటివే.

"డబ్బా మూతే గట్టిది కదన్నా, నొక్కి తిప్పితే గానీ రాదు" అంటారు కొందరు. ఆ రకం మూత పిల్లల్ని ఆలస్యం చేస్తుంది, అంతే. విషపదార్థాల ప్యాకింగ్ మీద అమెరికాలో 1970లోనే చట్టం వచ్చింది. అక్కడ మూతను పరీక్షించాలంటే 42 నుంచి 51 నెలల పిల్లల చేతికిచ్చి పది నిమిషాలు చూస్తారు. నూటికి 80 మంది తీయలేకపోతే మూత పాసు. అంటే ఇరవై మంది తీసినా పాసే! ఈ-సిగరెట్లలో పోసే నికోటిన్ ద్రవం సీసాలకు కూడా ఇలాంటి మూతే ఉండాలని 2016లో ఇంకో చట్టం చేశారు. మన దేశంలో ఈ-సిగరెట్లను 2019లోనే నిషేధించారు కాబట్టి ఆ గొడవ మనకు తక్కువ. మనకున్నదల్లా ఈ మందు డబ్బాలే. వాటికి మూత చాలదు, తాళం కావాలి.

కావలసినవి పెద్దగా ఏం లేవు. మందపాటి రేకు ట్రంకు, ఇనుప గొళ్ళెం, 6 ఎం.ఎం. బోల్టులు (గుండ్రటి తల, తల మీద గీత లేనివి), నట్లు, వాషర్లు, 3 ఎం.ఎం. మందం ఇనుప పట్టీ ముక్కలు, డ్రిల్లింగ్ మెషీన్, తాళం. తాళం చెవితో తీసేదే కొనండి. నంబర్ల తాళం వద్దు. ఇంట్లో పెద్దవాళ్ళు పెట్టే నంబరు ఎప్పుడూ పుట్టిన సంవత్సరమో, బండి నంబరో అయి ఉంటుంది, అది పిల్లలకు మనకంటే ముందు తెలుస్తుంది. ఆన్‌లైన్‌లో చైల్డ్ లాక్ అని అమ్మే అతికించుకునే ప్లాస్టిక్ పట్టీలు ఫ్రిజ్‌కు, చెక్క అరలకు సరే. మా ఎండలకు వాటి జిగురు కరిగిపోతుంది. మే నెలలో ఒక్కసారి చూడండి, పట్టీ నేల మీద ఉంటుంది.

ముందు పాత గొళ్ళెం పీకేయండి. వెనక కీళ్ళు చూడండి. రివెట్లు కదులుతుంటే ముందు అవి మార్చాలి. ముందర ఎంత గట్టి తాళం వేసినా, వెనక కీలు ఊడితే మూత అటునుంచి తెరుచుకుంటుంది.

ఇక అసలు పని గొళ్ళెం బిగించడం. చాలామంది చెడగొట్టేది ఇక్కడే, అందుకే నిదానంగా చదవండి.

మూత తెరిచి పెట్టి ఎప్పుడూ గుర్తులు పెట్టకండి. రేకు మూతకు సాగే గుణం ఉంటుంది. తెరిచినప్పుడు సరిగ్గా కనబడిన రంధ్రం, మూసినప్పుడు పైకి జరుగుతుంది. కాబట్టి మూత మూసి, మీద బేతంచెర్ల బండ ముక్కో, రెండు ఇటుకలో పెట్టండి. మూత అంచు పెట్టె అంచును అన్ని వైపులా తాకాలి. తాకాక, గొళ్ళెం పట్టీని మూత ముందరి అంచుకు ఆనించి, మేకు మొనతో రంధ్రాల చోట గీయండి. ఇప్పుడు పట్టీ వరకే డ్రిల్ చేసి బిగించండి. తాళం దూరే రింగు జోలికి ఇంకా పోకండి.

బిగించేటప్పుడు రేకు లోపలి వైపున ఇనుప పట్టీ ముక్క పెట్టి, దానిలోంచి బోల్టు పోనిచ్చి నట్టు వేయాలి. ఈ ముక్కను ఎవరూ పెట్టరు. పెట్టకపోతే ఏమవుతుంది? ఒత్తిడంతా బోల్టు చుట్టూ ఉన్న పలచని రేకు మీద పడుతుంది. నాలుగు సార్లు గుంజితే రంధ్రం సాగి, బోల్టు వాషర్‌తో సహా బయటికి వస్తుంది. స్క్రూలు వేసి మమ అనిపించే వాళ్ళూ ఉన్నారు. స్క్రూ తల బయటే ఉంటుంది, గీత ఉంటుంది, ఇంట్లో చెంచా ఉంటుంది. ఇంక చెప్పాలా? నట్టు ఎప్పుడూ పెట్టె లోపలే ఉండాలి.

ఇప్పుడు రింగు. మూత మళ్ళీ మూసి, మీద బరువు పెట్టి, గొళ్ళెం పట్టీని కిందికి మడిచి, దాని చీలికలోంచి రింగు బయటికి వచ్చేలా పట్టుకోండి. అది ఎక్కడ ఆగిందో అక్కడే గుర్తు పెట్టకండి. వెంట్రుక వాసి కిందికి, అంటే అర ఎం.ఎం. అంత, జరిపి గుర్తు పెట్టండి. అప్పుడు తాళం వేసిన ప్రతిసారీ గొళ్ళెం మూతను కిందికి లాగి పట్టుకుంటుంది. ఎక్కువ జరిపితే గొళ్ళెం అసలు ఎక్కదు. ఎక్కకపోతే సుత్తితో కొట్టి ఎక్కించాలని చూడకండి, రింగు పీకి, రంధ్రాన్ని ఆకురాయితో పైకి కొద్దిగా అరగదీయండి. రింగుకు కూడా లోపల ఇనుప పట్టీ ముక్క తప్పనిసరి.

తాళం వేసి, రెండు మూలలూ ఎత్తి చూడండి. పెన్సిల్ దూరితే పని కానట్టే. రెండున్నర అడుగుల కంటే పొడవైన పెట్టెకు మధ్యలో ఒకే గొళ్ళెం పెడితే చివరలు లేస్తాయి. దానికి రెండు గొళ్ళేలు, రెండు తాళాలు కావాలి. ఖర్చని ఏడవకండి, ఒక స్ప్రే మందు ధర కూడా కాదు. తాళం కొమ్మ కూడా రింగులో బిర్రుగా ఉండాలి. సన్న కొమ్మ తాళం వేస్తే అదొక్కటే వేలెడు సందు ఇస్తుంది.

పెట్టె నీడలో ఉండాలి, గోడకు రెండు యాంకర్ బోల్టులతో బిగించాలి. రేకుల కొట్టంలో ఎండ నేరుగా తగిలే చోట వద్దు, చాలా మందుల్లో మండే ద్రావకం ఉంటుంది. లోపల ప్లాస్టిక్ ట్రే వేసి డబ్బాలు నిలువుగా పెట్టండి. ఎర్ర గుర్తు ఉన్నవే లోపల పెట్టి, నీలం, ఆకుపచ్చ గుర్తు ఉన్నవి బయట వదిలేస్తారు కొందరు. లేబుల్ మీద ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ అన్నవి విషం తీవ్రత తగ్గే వరుస. ఆకుపచ్చ కూడా తాగేది కాదు. మిగిలిన మందును కూల్‌డ్రింక్ సీసాలో పోసే అలవాటున్న ఇంటికి నేను ఏ తాళం బిగించినా దండగే.

తాళంచెవి మొలతాడుకే ఉండాలి. మేకుకు తగిలిస్తే, దేవుని పటం వెనక పెడితే, అవ్వ కొంగుకు ముడివేస్తే పిల్లలకు చేతికిచ్చినట్టే. రెండో చెవిని వేరే ఇంట్లో ఉంచండి.

మూత లోపల పెయింటుతో 108 అని రాయండి. పిల్లలు మందు మింగారని తెలిస్తే ఉప్పునీళ్ళు తాగించి వాంతి చేయించకండి. ద్రావకం ఊపిరితిత్తుల్లోకి పోతే ఇంకా ప్రమాదం. డబ్బాను లేబుల్‌తో సహా ఆసుపత్రికి తీసుకుపోండి, డాక్టరుకు కావలసింది దాని మీద ఉన్న పేరు.

మందులు పెట్టకముందే పరీక్ష చేయండి. కొత్త పెట్టెలో నాలుగు బిస్కెట్ ప్యాకెట్లు పెట్టి తాళం వేసి, ఇంట్లో అందరికంటే అల్లరివాణ్ణి పిలవండి. పదిహేను నిమిషాలు వాణ్ణి ఆపకండి, చెంచా అడిగితే చెంచా ఇవ్వండి. బిస్కెట్ బయటికి వస్తే రింగు దగ్గర నుంచి మళ్ళీ మొదలుపెట్టండి.