వందల ఫైళ్ల పేర్లు ఒకేసారి మార్చబోతున్నారా? కాస్త ఆగండి

మొన్న ఒక మిత్రుడు ఫోను చేసి, "ఫోల్డర్‌లో ఒక్క ఫైలే మిగిలింది" అన్నారు. గొంతు వణుకుతోంది. అంతకుముందు అందులో మూడు వందల పైచిలుకు ఫొటోలు ఉండేవి. వాటిని ఒక్కొక్కటిగా "పాతవి" అనే డైరెక్టరీలోకి, అంటే ఫోల్డర్‌లోకి, తరలించడానికి చిన్న లూప్ (ఒకే పనిని ప్రతి ఫైలుకూ మళ్లీ మళ్లీ చేసే కమాండ్ల వరుస) రాశారు. డైరెక్టరీని సృష్టించడం మాత్రం మరిచిపోయారు. డైరెక్టరీ లేకపోతే ఎంవీ (mv, ఫైళ్లను తరలించే, పేరు మార్చే కమాండ్) "పాతవి" అన్నదాన్ని ఫైలుకు పెట్టాల్సిన కొత్త పేరుగా తీసుకుంటుంది. మొదటి ఫొటో "పాతవి" అయింది. రెండోదీ "పాతవి" అయింది, మొదటిది పోయింది. మూడోది వచ్చి రెండోదాన్ని తుడిచేసింది. చివరి ఫొటో ఒక్కటే దక్కింది. తెర మీద ఒక్క హెచ్చరికా రాలేదు.

బ్యాకప్ సంగతి మీకు తెలిసిందే. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. కొత్త పేరుతో అక్కడ ముందే ఏదైనా ఉందేమో చూడకుండా పేరు మార్చకండి. నేను చూసిన నష్టాల్లో ఎక్కువ భాగం ఇక్కడే జరిగాయి.

లినక్స్ వంటి యూనిక్స్ తరహా సిస్టమ్‌లలో రీనేమ్ కాల్‌ను (పేరు మార్చమని ప్రోగ్రామ్‌లు సిస్టమ్‌ను అడిగే పిలుపును) ఇలాగే రూపొందించారు. ఒకే ఫైల్ సిస్టమ్‌లో పేరు మారితే డేటా కదలదు, ఆ పేరు ఏ ఐనోడ్‌ను (డిస్కు మీద ఫైలు వివరాలు ఉండే నమోదును) చూపాలన్నదే మారుతుంది. ఆ పేరుతో వేరే ఫైలు ఉంటే ఒక్క అడుగులో దాని స్థానంలోకి ఇది వచ్చేస్తుంది. ఎడిటర్లు ఫైళ్లను భద్రంగా సేవ్ చేయడానికి ఈ గుణాన్నే నమ్ముకుంటాయి కాబట్టి దీన్ని తప్పుపట్టలేం. కానీ పోయిన ఫైలు ట్రాష్‌లోకి వెళ్లదు. ఫైలుకు రాసే అనుమతి తీసేశాం కదా అన్న ధైర్యమూ వద్దు, రీనేమ్‌కు కావలసింది డైరెక్టరీలో రాసే అనుమతి.

ప్రోగ్రామ్ రాసేవారికి మరో మాట. ఫైలు ఉందో లేదో చూసి, తర్వాత రీనేమ్‌ను పిలిస్తే, ఆ రెండింటి మధ్య సందులో ఇంకో ప్రోగ్రామ్ అదే పేరుతో ఫైలు పెట్టవచ్చు. లినక్స్‌లో 2014లో వచ్చిన 3.15 కెర్నెల్ (సిస్టమ్ మూలభాగం) నుంచి రీనేమ్‌యాట్2 (renameat2) అనే కాల్ ఉంది. ఫైల్ సిస్టమ్ మద్దతిస్తే, ఉన్నదాన్ని తొలగించవద్దని దానికే చెప్పవచ్చు.

వరుస నంబర్లు ఒకటి చొప్పున పెంచేటప్పుడూ ఇదే ప్రమాదం. 1ని 2గా మారిస్తే 2 పోయింది. చివరి నంబరు నుంచి వెనక్కి రండి.

ఇక మిగిలినవి:

గమ్య డైరెక్టరీ పేరు చివర స్లాష్ పెట్టండి. డైరెక్టరీ లేకపోతే కమాండ్ అక్కడే ఆగిపోతుంది.

ఎంవీకి హైఫన్ ఐ (-i) ఇవ్వండి, ఉన్నదాని మీద రాసే ముందు అడుగుతుంది.

లూప్‌ను ముందు ఎకోతో (echo, కమాండ్‌ను అమలు చేయకుండా తెర మీద చూపేది) నడిపి, వచ్చిన ప్రతి వరుసా చదవండి.

ముందు ఫైళ్లు లెక్కపెట్టండి. తర్వాత మళ్లీ లెక్కపెట్టండి.

గమ్యం ఏమిటో చెప్పకుండా ఎంవీకి నక్షత్రం గుర్తు (*, అన్ని ఫైళ్లూ అని అర్థం) ఒక్కటే ఇవ్వకండి. ఉన్నవి రెండే ఫైళ్లయితే మొదటిది రెండోదాన్ని మింగేస్తుంది.

వేరే డిస్కుకు తరలిస్తుంటే మధ్యలో కేబుల్ పీకకండి. రీనేమ్ ఒక డిస్కు నుంచి మరో డిస్కుకు దాటదు, అక్కడ ఎంవీ కాపీ చేసి ఆ తర్వాత అసలుది తొలగిస్తుంది.

నడుస్తున్న సర్వర్ లాగ్ (జరిగినవి రాసుకునే ఫైలు) పేరు మార్చి వదిలేయకండి. ప్రోగ్రామ్ తెరిచిన ఫైలునే పట్టుకుని ఉంటుంది, రాతలన్నీ కొత్త పేరున్న ఫైలులోకే పోతాయి.

తెలుగు పేర్లు పొట్టిగా పెట్టండి. లినక్స్‌లో సాధారణంగా ఒక పేరుకు 255 బైట్లే పరిమితి. యూటీఎఫ్-8లో (అక్షరాలను బైట్లుగా దాచే పద్ధతిలో) "స్త్రీ" అనే ఒక్క అక్షరానికే 18 బైట్లు పోతాయి.

కొత్త పేరుతో ముందే ఏదైనా ఉందా? మళ్లీ చూడండి.

ఒకవేళ ఫైలు పోతే ఆ డిస్కు మీద ఇంకేమీ రాయకండి. రికవరీ ప్రోగ్రామ్‌ను కూడా అందులో ఇన్‌స్టాల్ చేయకండి.