స్కూల్ బడ్జెట్ చదవడం నేర్చుకుందాం – 3వ పాఠం: పన్ను రేటు, బోర్డు సీటు

పోయిన పాఠంలో స్కూల్ డిస్ట్రిక్ట్ (అమెరికాలో ఒక ప్రాంతంలోని ప్రభుత్వ స్కూళ్లని నడిపే స్థానిక సంస్థ) ఆదాయాన్ని లోకల్, స్టేట్, ఫెడరల్ అని విడదీశాం. ఈసారి లోకల్ డబ్బు, అంటే ఆస్తి పన్ను సంగతి చూద్దాం. అమెరికాలో డిస్ట్రిక్టుల మధ్య తేడా ఎక్కువగా పుట్టేది అక్కడే.

కాగితం, పెన్ను తీసుకోండి. టెక్సస్‌లోని శాన్ ఆంటోనియో, 1967-68. ఎడ్జ్‌వుడ్ డిస్ట్రిక్ట్ పిల్లల్లో దాదాపు 90 శాతం మెక్సికన్ అమెరికన్లు. అక్కడ 100 డాలర్ల ఆస్తి విలువకు పన్ను 1.05 డాలర్లు. ఎక్కువగా తెల్లవాళ్లుండే మరో డిస్ట్రిక్ట్ అలమో హైట్స్‌లో 85 సెంట్లే. బడ్జెట్‌లో రేటు చూసి ఆగిపోతే ఎడ్జ్‌వుడ్‌కే ఎక్కువ వస్తోందనుకుంటాం.

ఇప్పుడు ఒక్కో విద్యార్థికి ఎంత ఆస్తి ఉందో చూడండి. ఎడ్జ్‌వుడ్‌లో 5,960 డాలర్లు, అలమో హైట్స్‌లో 49,000 పైనే. రేటుతో గుణించండి: సుమారు 63 డాలర్లు, 416 డాలర్లు. ఎక్కువ రేటు కట్టినవాళ్లకే తక్కువ దక్కింది! స్టేట్, ఫెడరల్ డబ్బు కలిశాక కూడా పిల్లాడికి 356, 594 డాలర్ల దగ్గర తేలింది. తల్లిదండ్రులు కోర్టుకెళ్తే 1973లో సుప్రీంకోర్టు 5-4తో టెక్సస్ పద్ధతినే సమర్థించింది.

డిస్ట్రిక్ట్‌ని నడిపే స్కూల్ బోర్డుకి మన జాతివాళ్లు ఎన్నికైతే ఇదంతా సర్దుకుంటుందని చాలామంది అనుకుంటారు. బోర్డులో ఎవరు కూర్చున్నా ఆ 5,960 పెరగదు. దాన్ని సరిచేయాల్సింది రాష్ట్ర శాసనసభ. అయితే డిస్ట్రిక్ట్ లోపల ఏ బిల్డింగ్‌కి రిపేరు, ఏ స్కూల్ మూత అన్నది బోర్డు చేతిలోనే ఉంటుంది. బోర్డు సీటుకి అసలు విలువ అక్కడే.

కాబట్టి ఎన్నిక పద్ధతి కూడా చూడాలి. ప్రతి సీటుకీ డిస్ట్రిక్టంతా ఓటేస్తే, ఓట్లు జాతుల వారీగా చీలినచోట 40 శాతం ఉన్నవాళ్లకి ఒక్క సీటూ రాకపోవచ్చు. న్యూయార్క్ రాష్ట్రంలోని ఈస్ట్ రమాపో డిస్ట్రిక్టులో తొమ్మిది సీట్లకూ ఇదే పద్ధతి ఉండేది. అది ఓటింగ్‌లో జాతి వివక్షని నిషేధించే ఓటింగ్ హక్కుల చట్టానికి విరుద్ధమని 2020లో ఫెడరల్ కోర్టు తేల్చింది. ఆ తర్వాతే వార్డులొచ్చాయి, అంటే డిస్ట్రిక్ట్‌ని ముక్కలు చేసి ఒక్కో ముక్క తన సభ్యుణ్ణి తానే ఎన్నుకునే పద్ధతి. వార్డులు పెట్టగానే అంతా అయిపోదు, వార్డుల సరిహద్దు గీత ఎక్కడ గీశారన్నది ఇంకో తలనొప్పి.

హోంవర్క్: పక్కపక్కనున్న రెండు డిస్ట్రిక్టుల పన్ను రేటు, మొత్తం ఆస్తి విలువ, విద్యార్థుల సంఖ్య రాసుకుని ఇదే లెక్క వేయండి. బోర్డు సభ్యులు వార్డుల నుంచి వస్తారా, డిస్ట్రిక్టంతా ఎన్నుకుంటుందా అన్నది పక్కనే రాయండి. వచ్చే పాఠానికి ఆ కాగితం కావాలి.