పక్షవాతం తరువాత చదువు, రాత – మూడవ పాఠం: ఎడమ గట్టు

గత పాఠంలో కాగితంపై గీసిన అడ్డగీతకు నడిమధ్యన గుర్తు పెట్టమన్నప్పుడు మీ ఇంటి పెద్దవారి గుర్తు బాగా కుడికి జరిగి, ఆ సంగతి వైద్యునికి కూడా చెప్పి ఉంటే, ఈ పాఠం మొదలుపెట్టవచ్చును.

మెదడులో కుడి అర్ధభాగం దెబ్బతిన్నవారిలో కొందరికి ఎడమవైపు ధ్యాస నిలవదు. సగం చూపు మాత్రమే పోయినవారు సాధారణంగా ఆ లోపం గుర్తించి తల తిప్పి వెదుక్కుంటారు గాని, వీరికి ఏదో తప్పిపోతున్నదన్న ఊహే రాదు. అందుచేత కళ్లద్దాలు మార్చినా ఈ లోపం తీరదు. 1978లో ఇటలీ పరిశోధకులు బిసియాక్, లుజ్జాట్టి ఇటువంటి ఇద్దరిని మిలాన్ నగరపు పెద్ద చర్చి ముందరి కూడలిని తలచుకొని వర్ణించమన్నారు. వారు తాము నిలబడినట్లు ఊహించుకున్న చోటికి ఎడమనున్న భవనాలను వదిలివేశారు. ఎదుటి దిక్కున నిలబడినట్లు ఊహించుకోమనగానే, అంతకుముందు వదిలినవాటినే చెప్పారు. తలపులోనూ ఎడమ జారిపోతున్నదన్నమాట.

చదువులో ఇది రెండు విధాలుగా కనబడుతుంది. కొందరు ప్రతి వరుసనూ నడుమనుండి అందుకుంటారు. మరికొందరు ఒక్కొక్క మాటకు మొదలు పోగొట్టి "ముమ్మిడివరం"ను "వరం" అంటారు, లేదా కుడి కొసను పట్టుకొని మొదలును ఊహించి "అమలాపురం"ను "పిఠాపురం" చేస్తారు. దొరికిన ముక్కలతోనే అర్థం అల్లుకుంటారు కనుక, వినేవారికి అంతా సవ్యంగానే తోచవచ్చును. అదే కాగితపు నకలు మీ చేతిలో ఉంచుకొని సరిచూడండి.

ఇక సాధన. పెద్ద అక్షరాలతో, ఎడంగా, ఐదు వరుసలు రాసి, ఎడమ అంచున పైనుండి కిందికి మందమైన ఎర్రగీత గీయండి. కాలువల మధ్య పుట్టి పెరిగిన మన డెల్టావారికి దానిని "గట్టు" అని చెబితే చాలు. ఉత్త "ఎడమకు చూడండి" అన్న మాట పనిచేయదు, ఎందుకంటే వారి లెక్కలో తాము చూస్తున్నదే ఎడమ. వరుస ముగియగానే చూపు వెనక్కు నడిచి, ఎర్రగీత కనబడి, "గట్టు" అని పైకి అన్న తరువాతనే తరువాతి వరుస చదవాలి. ఎడమచేయి కాస్త కదిలితే దానిని గీతమీద ఉంచి వేళ్లు ఆడించమనండి. జాలిపడి కాగితాన్ని కుడికి జరపకండి. అది ఎదురుగానే ఉండాలి. తప్పులు తగ్గినకొద్దీ గీతను సన్నం చేస్తూ పోయి, చివరకు తీసివేయండి.

రాతలో వరుసలు కుడి సగంలోనే ఇరుక్కొని, కిందికి పోయినకొద్దీ ఎడమ ఖాళీ పెరుగుతుంది. రాసిన అక్షరమే మళ్లీ రాయడమూ ఉంటుంది. పిల్లల రూళ్ల నోటుపుస్తకంలోని ఎర్ర మార్జిన్ ఇక్కడ గట్టుగా సరిపోతుంది. రోజుకు నాలుగు ఊళ్ల పేర్లు, ఒక్కొక్కటి ఆ గీత పక్కనుండే, రాయించండి.

వచ్చే పాఠం అంకెల గురించి. 12,500 వారికి 500గా కనబడవచ్చును కనుక, అంతవరకు బ్యాంకు కాగితాలు, మందుల చీటీలు మరొకరు కూడా చదవాలి.